పెన్సిలు మీసం

మా నాయన బతికుండగానే ఆయన చావుకు నన్ను పరామర్శించిన మనిషి ఒకాయన ఉన్నాడు. కడలూరు వైపు దూరపు చుట్టం, మా నాయనకు వరసకు బావ. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. పుదుచ్చేరిలో ఒక కల్యాణ మండపంలో మా పెదనాయన కూతురి పెళ్లి. నేను వాకిట్లో నిలబడి వచ్చేవాళ్ల మీద పన్నీరు చల్లుతున్నాను. ఆయన చెప్పులు విడుస్తూ నా ముఖం చూసి ఆగిపోయాడు. దగ్గరికొచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి.

"ఎప్పుడబ్బా? మాకొక సేది గూడా పంపలేదే. అంత కానోళ్లమై పోతిమా?"

ఏ సేది, ఏ కబురు అని ముందు నాకు అర్థం కాలేదు. మాలో తండ్రి ఉన్నంతకాలం కొడుకు మీసం తీయడు. తండ్రి పోయిన రోజు మంగలి వచ్చి తలతో పాటు మీసాన్నీ గొరుగుతాడు. పెళ్లీడుకొస్తున్న మగపిల్లవాడు మూతి నున్నగా పెట్టుకుని నిలబడ్డాడంటే మా వాళ్లకు దానికి ఒకటే అర్థం. మైల తీరిపోయింది కాబట్టి పెళ్లికి వచ్చాడని కూడా ఆయనే సర్దిచెప్పుకున్నట్టున్నాడు. కానీ నా మీసం మంగలి తీసింది కాదు. ఎడమ వైపు మొదలుపెట్టి కుడి వైపు చివరిదాకా, ఒక్కొక్క వెంట్రుకే, నా వేళ్లతో నేను పీక్కున్నది.

ఆయన్ను ఓదార్చాలో నిజం చెప్పాలో తేల్చుకునేలోగా మా నాయనే పంక్తిలోంచి లేచి చెయ్యి తుడుచుకుంటూ బయటికొచ్చాడు. చుట్టం రెండడుగులు వెనక్కి వేశాడు. ఎవరో ఫక్కున నవ్వారు. సంగతి నోటినోటా పాకి మేళగాళ్ల దాకా పోయింది. మా నాయన కూడా మొదట నవ్వాడు. నవ్వుతూనే నా మెడ పట్టుకుని వంటలు జరిగే పెరట్లోకి నడిపించుకుపోయాడు. అక్కడికి పోయాక నవ్వు ఆపాడు.

"నేను చచ్చినానని ఊరంతా చాటిస్తా ఉండావా?"

చెప్పుతో మొదలుపెట్టాడు. చెప్పు తెగిపోతే అన్నం గరిటె అందుకున్నాడు. అడ్డం పెట్టిన ఎడమ చేతి చిటికెన వేలు విరిగింది. వంటవాళ్లు వడలు వేయడం ఆపలేదు. వాళ్లలో ఒకాయన మాత్రం నేను తూలి నూనె బాణలిలో పడతానేమోనని పొయ్యికీ నాకూ మధ్య వచ్చి నిలబడ్డాడు. ఆ రోజు నా మీద జాలి చూపిన మనిషి ఆయనొక్కడే. ఆయన ముఖం నాకు గుర్తు లేదు. వేలు ఇప్పటికీ వంగే ఉంటుంది.

ఎందుకు పీక్కున్నావని ఎవరూ అడగలేదు. పన్నెండేళ్లప్పుడు, మా ఊరు బాహూరు బడిలో, లెక్కల క్లాసులో కూర్చుని ఉండగా ఎడమ కనుబొమ్మలో ఒక వెంట్రుక మిగతావాటికన్నా మొద్దుగా వేలికి తగిలింది. మొదలు అంతే. అప్పట్నుంచీ వేలు అలాంటిదాన్ని వెతుక్కుంటూ పోతుంది. దొరికేదాకా వేరే ధ్యాస ఉండదు. లాగితే చిన్న మంట, ఆ మంట వెనకాలే ఒక చల్లదనం. ఆ ఒక్క క్షణం లోకంలో ఏ గొడవా ఉండదు. మరుక్షణం పుస్తకం మీద రాలిన వెంట్రుకలు చూసి నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ అసహ్యం తట్టుకోలేక మళ్లీ చెయ్యి పైకి పోతుంది. ఆపుకోలేవా అని అడిగేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తుమ్ము ముక్కు దాకా వచ్చాక ఆపుకుని చూపించండి, అప్పుడు మాట్లాడదాం.

మా అమ్మ చెయ్యని వైద్యం లేదు. బోసి కనుబొమ్మలకు ఆముదం రాసింది. చేతులకు గుడ్డ సంచులు కట్టింది. వేళ్లకు పచ్చిమిరపకాయ నూరి పూసింది. నేను మరిచిపోయి కళ్లు నులుముకుని రెండు రోజులు గోడలు తడుముకుంటూ తిరిగాను. చివరికి వీరాంపట్టినం తేరు నాడు మొక్కు చెల్లించి గుండు కొట్టించింది. తలకొచ్చిన ఆపద తలపాగాతో పోయింది అంటారు. నాకు పోలేదు. తల మీద పట్టు దొరక్క వేళ్లు కనురెప్పల మీదికి దిగాయి. అమ్మవారు మాత్రం ఏం చేస్తుంది పాపం, ఆమెకు ఇచ్చింది నా జుట్టునే గానీ నా చేతిని కాదు. అమ్మ వైద్యాలు పనిచెయ్యనప్పుడల్లా మా నాయన తన వైద్యం చేసేవాడు. బెల్టు, ఎద్దుల తాడు, సైకిలు గొలుసు, ఏది దొరికితే అది.

ఇరవై రెండేళ్లకు ఇల్లు వదిలి పుదుచ్చేరి కోసపాళయంలో మోటార్లకు వైండింగ్ కట్టే షాపులో చేరాను. తరువాత అదే వీధిలో సొంతంగా పెట్టుకున్నాను. బాహూరు రైతుల బోరు మోటార్లు కాలిపోతే నా దగ్గరికే వస్తాయి. కాలిన రాగి తీగను ఉలితో తెంచి బయటికి లాగాలి, కొత్త తీగ చుట్టి గాడుల్లో కూర్చాలి, వార్నిష్ పోసి ఆరబెట్టాలి. రెండు చేతులకూ పని ఉన్నంతసేపు అవి నా ముఖం జోలికి పోవు. వార్నిష్ ఆరేదాకా ఖాళీగా కూర్చోవలసి వచ్చినప్పుడే తంటా.

మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె అని సామెత. మా ఇంట్లో మెతుకులకు కొదవ లేదు, మీసమే లేదు. పెళ్లిచూపుల రోజు మా చిన్నాయన ఆడవాళ్లు కనుబొమ్మలు దిద్దుకునే నల్ల పెన్సిలు కొనుక్కొచ్చాడు. దానితో గీసిన మీసంతోనే పెళ్లిచూపులూ పెళ్లీ రెండూ అయిపోయాయి. హోమం పొగలో, చెమటలో అది ఎలా నిలిచిందో నాకు తెలియదు. పెళ్లయిన మూడో రోజు నా భార్య తుడుచుకోమని తువ్వాలు ఇచ్చింది. తిరిగి తీసుకున్నప్పుడు తువ్వాలులో సగం మీసం ఉంది.

ఆమె తువ్వాలును చూసింది, నన్ను చూసింది, నవ్వింది. ఎగతాళి నవ్వు కాదు.

"ఇంతేనా? నేనేమో ఇంకేమి దాస్తా ఉండారో అని భయపడితిని" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆ తరువాత పెన్సిలు అరిగిపోకముందే కొత్తది తెచ్చి పెట్టేది ఆమే. అద్దం ముందు నా చెయ్యి కుదరకపోతే తనే గీసేది. నా కన్నా బాగా గీసేది.

ఆమెకు ఒక అలవాటు ఉండేది. టీవీ చూస్తున్నప్పుడు నా చెయ్యి ముఖం మీదికి పోతే మణికట్టు పట్టుకుని మెల్లగా కిందికి దించేది. మాట ఉండదు. మొదటి నాలుగేళ్లు ఆ చెయ్యి నాకు మందులా పనిచేసింది. తరువాత అది తగిలితే చాలు, పట్టుబడ్డ దొంగలా అనిపించసాగింది. ఒకరోజు విదిలించుకున్నాను. ఇంకొకరోజు తోశాను. ఇంకొకరోజు కొట్టాను. మూడుసార్లు కొట్టానని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. మూడుసార్లు కాదు. పప్పు గిన్నె విసిరింది అందులో కలుపుకోలేదు. పాప చూస్తుండగా కొట్టినవి కలుపుకోలేదు. జడ పట్టి వంటింటి నుంచి ముందు గది దాకా ఈడ్చింది కలుపుకోలేదు. ఆ రోజు నా పిడికిట్లో మిగిలిన వెంట్రుకలు ఆమెవి. నా అలవాటు కొద్దీ వాటి కుదుళ్ల వైపు చూశాను. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

చివరిసారి జరిగింది ఇది. మా చిన్నాయన కొత్త ఇంటి గృహప్రవేశానికి పోయాం. మధ్యాహ్నం పంక్తిలో కూర్చున్నప్పుడు ఎవరో మా పాపను ముద్దు చేస్తూ, మీ నాయన మీసం భలే ఉందే అన్నారు. పాపకు అయిదేళ్లు.

"అమ్మ పెన్సిలుతో గీస్తాది" అంది పాప.

పంక్తి అంతా నవ్వింది. ఎదురు వరసలో కూర్చున్న మా నాయన మాత్రం నవ్వలేదు. విస్తరి మీద నుంచి తలెత్తి, "పెండ్లాం గీసిన మీసమా నీది?" అన్నాడు. నేను ఆ అన్నం ఎలా మింగానో నాకే తెలియదు.

ఇంటికొచ్చి తలుపు వేశాను. నా భార్య ఇంకా పట్టుచీర మార్చుకోలేదు. పాపకు నేర్పించి చెప్పించింది నువ్వే అన్నాను. ఆమె కాదంది. కొట్టాను. మళ్లీ కాదంది. ఈసారి చేతిలో ఉన్న బలమంతా పెట్టి కొట్టాను. ఆమె పోయి తలుపు గడియ మీద పడింది. కనుబొమ్మ చీలిపోయింది. నెత్తురు కంట్లోకి, చీర మీదికి, నేల మీదికి కారింది. పాప గృహప్రవేశంలో ఇచ్చిన లడ్డు పొట్లం పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

ఆటోలో ఆసుపత్రికి తీసుకుపోయాను. స్నానాల గదిలో జారిపడిందని చెప్పాను. ఆమె కాదనలేదు, అవుననలేదు. నర్సు గాయం చుట్టూ కనుబొమ్మ గొరిగేసి శుభ్రం చేసింది. డాక్టరు నాలుగు కుట్లు వేశాడు. నా కనుబొమ్మలో ఉన్నటువంటి ఖాళీయే ఆమె కనుబొమ్మలోనూ కనిపించింది. బయటికొచ్చి వాంతి చేసుకున్నాను.

మర్నాడు పొద్దున ఆమె ఒక సంచి సర్దుకుంది. "పాపను తీసుకోని అమ్మింటికి పోతా ఉండాను" అంది. వాళ్లమ్మ ఇల్లు వీరాంపట్టినం దారిలో ఉంది. ఆమె పోయాక చూస్తే కొత్త పెన్సిలు అద్దం దగ్గర పెట్టి ఉంది.

మా నాయనా చిన్నాయనా కూర్చుని తేల్చేశారు. "మీసం లేని మొగోడితో ఎవతి కాపురం చేస్తాది? నలుగురూ నవ్వినాక ఆడది ఎట్ల తలెత్తుకోని తిరిగేది? ముందు నువ్వు దాన్ని పెంచు. తర్వాత పొయ్యి పిలుచుకోని రావచ్చు" అన్నాడు మా నాయన. నాకూ అదే నిజమనిపించింది. నేల మీద ఆమె నెత్తురు గుడ్డతో తుడిచినవాణ్ని నేను. అయినా ఆమె పోవడానికి కారణం నా మూతి మీదే వెతికాను. మా వాళ్లు తప్ప ఇంకెవరూ చెయ్యలేని పొరపాటు ఇది.

ఆ వారాల్లో ఒంటరిగా ఉండి విపరీతంగా పీక్కున్నాను. కనుబొమ్మ మీద చీము పట్టింది. చర్మం డాక్టరు దగ్గరికి పోతే ఆవిడ టార్చి వేసి చూసి, "మీరే పీక్కుంటున్నారా?" అని తమిళంలో మామూలుగా అడిగింది, జ్వరం ఎన్నాళ్లనుంచి అని అడిగినట్టు. నేను తలూపాను. దీనికి పేరుందని, ఇది జబ్బేనని, తన దగ్గరికే ఇలాంటివాళ్లు చాలామంది వస్తారని చెప్పింది. ఇంగ్లీషులో ఆ పేరు చాలా పొడుగు. చీటీ మీద రాసిచ్చింది. నాకు ఊరట కలగాలి కదా, కలగలేదు. కోపం వచ్చింది. ఇరవై ఎనిమిదేళ్లు ఒక్కడూ ఈ మాట చెప్పలేదు. గరిటెలు విరిగాయి, వేలు విరిగింది, ఒక్కడూ చెప్పలేదు. షాపుకొచ్చి గోడకున్న అద్దాన్ని స్పానరుతో పగలగొట్టాను.

ఆ డాక్టరే మనసు బాధలు విని దారి చెప్పే ఒక కౌన్సిలర్ దగ్గరికి పంపింది. ఆ కౌన్సిలర్ ఆదివారం పొద్దున ఇలాంటివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడిస్తుందట. టైలరు షాపు మీద ఒక గది. మెట్ల దాకా రెండు వారాలు పోయి తిరిగొచ్చాను. మూడో వారం పైకెక్కాను. ఆరుగురు ఉన్నారు, అందరూ ఆడవాళ్లే. నేను తమిళంలో రెండు మాటలు మాట్లాడగానే ఒక పెద్దావిడ నా యాస పట్టేసి తెలుగులోకి దిగింది. రిటైరైన టీచరు. వాళ్లదీ మాలాగే ఇక్కడ తరాల కిందట స్థిరపడిన తెలుగు కుటుంబం.

"ఏ ఊరు తమ్ముడూ? బాహూరా? కూర్చో. శానా ఉక్కగా ఉండాది" అంటూ చెయ్యి నెత్తిమీద పెట్టి, జుట్టంతా టోపీలా తీసి పక్క కుర్చీలో పెట్టింది.

ఆమె తల నడినెత్తి దాకా నున్నగా ఉంది. మిగతా అయిదుగురూ అటు చూడను కూడా లేదు, ఒకావిడ ఫ్యాను ఆమె వైపు తిప్పింది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. నలభై ఏళ్ల మగవాణ్ని, ఆడవాళ్ల మధ్య కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చాను. ఎవరూ ఊరుకోమనలేదు.

అక్కడ ఎవరూ ఎవరినీ ఆపేయమని చెప్పరు. చెయ్యి ఎప్పుడెప్పుడు పైకి పోతుందో గమనించి రాసుకోమంటారు. తట్టుకోలేనప్పుడు ఒకరికొకరు ఫోను చేసుకుంటారు. నేను మోటారు కాయిళ్లకు చుట్టే నూలు టేపును బొటనవేలికీ చూపుడువేలికీ చుట్టుకోవడం మొదలుపెట్టాను. టేపు చుట్టిన వేళ్లకు వెంట్రుక చిక్కదు. ఆ టేపు చూసి వాళ్లంతా ముచ్చటపడ్డారు. తరువాతి వారం ఆరు చుట్టలు పట్టుకెళ్లి పంచిపెట్టాను. టీచరమ్మ రోజూ మధ్యాహ్నం, వార్నిష్ ఆరే వేళకు, ఫోను చేసి ఏదో ఒక కూర ఎలా వండిందో చెప్పేది. ఆమె వంట మహా చప్పన అని తరువాత తిన్నప్పుడు తెలిసింది.

కౌన్సిలర్ మొదటి రోజే ఒక మాట చెప్పింది. ఇది మీ తప్పు కాదు అని. ఆ మాటను నేను ఇంటికి తెచ్చుకుని ఇల్లంతా పరుచుకున్నాను. పీక్కోవడం జబ్బు. జబ్బువల్ల చిరాకు. చిరాకువల్ల చెయ్యి చేసుకున్నాను. కాబట్టి అదీ నా తప్పు కాదు. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను. నా భార్య గురించి అక్కడ అడిగితే, ఏదో మాటా మాటా వచ్చి పుట్టింట్లో ఉంది అన్నాను.

పదకొండు వారాలకు మీసం వచ్చింది. పలచగా, అక్కడక్కడ తెల్లగా, అయినా నిజం మీసం. పగలగొట్టిన అద్దం చోట కొత్తది పెట్టించుకుని చూసుకున్నాను. మా నాయన చూడటానికొచ్చి బొటనవేలితో నా పై పెదవి తడిమి, రంగు అంటుకుంటుందేమోనని వేలు చూసుకున్నాడు. నా జన్మలో ఆయన నన్ను కొట్టడానికి కాకుండా ముట్టుకోవడం నాకు గుర్తున్నంతలో అదే మొదలు. ఆ ఆదివారం గదికి పోకుండా, ఆయన్నూ చిన్నాయన్నూ వెంటబెట్టుకుని, పండ్లూ పూలూ తీసుకుని వీరాంపట్టినం దారిలో ఉన్న మా అత్త ఇంటికి బయలుదేరాను.

మా అత్త చాప వేసింది. నా భార్య తలుపు పక్కన నిలబడింది, పాప ఆమె కొంగు పట్టుకుని ఉంది. కుట్ల చోట కనుబొమ్మ ఇంకా పూర్తిగా రాలేదు. మా నాయన నా గడ్డం పట్టుకుని ముఖం వెలుతురు వైపు తిప్పాడు, సంతలో ఎద్దును చూపించినట్టు.

"చూడు బిడ్డా. వచ్చేసింది. ఇంకేమి కొరత? బయలుదేరు" అన్నాడు.

ఆమె మెల్లగా అంది. "మామా, మీసం లేనిదానికి నేను ఇక్కడికి రాలేదు. మీసం వచ్చిందని పోను."

"మరి దేనికి వచ్చినావు?" అని మా నాయన నిజంగానే అడిగాడు. ఆయనకు నిజంగానే తెలియదు.

నాకు తల తిరిగిపోయింది. పదకొండు వారాలు, వేళ్లకు టేపులు, ఆదివారాలు, ఏడుపులు. ఇంత చేసి వస్తే పెద్దవాళ్ల ముందు నిలబెట్టి ఇదా మాట అని లేచాను. చెయ్యి పైకి లేచింది. కొట్టడానికి కాదు, ఒట్టేసి చెబుతాను, అది నా మీసం మీదికి పోతున్న చెయ్యి. కానీ పాపకు ఆ తేడా ఎలా తెలుస్తుంది? పాప పక్కనున్న పెట్టె మీదికెక్కి, తన రెండు అరచేతులూ వాళ్లమ్మ కనుబొమ్మ మీద, సరిగ్గా కుట్లు పడిన చోట, కప్పిపెట్టింది. నా ముఖం చూడలేదు. నా చెయ్యినే చూస్తూ ఉంది.

నేను చెయ్యి దించి బయటికొచ్చేశాను.

తిరిగి వస్తుంటే ఆటోలో మా నాయన, "నాలుగు తగిలించి చెయ్యి పట్టుకోని లాక్కోని రావాల్సింది" అన్నాడు. ఆటో అరియాంకుప్పం దాటేలోగా ఎడమ వైపు మీసం సగం పీకేశాను. ఒళ్లో రాలుతున్న వెంట్రుకలు చూసి ఆయన చెయ్యి ఎత్తాడు. నేను ముఖం తిప్పుకోలేదు. ఆ చేతిని చూస్తూ కూర్చున్నాను. కాసేపు గాలిలోనే ఆగి, అది ఆయన ఒళ్లోకి పోయింది. ఈయన మీద నాకున్న కోపం ఎంత పాతదో, ఈయనకూ నాకూ తేడా ఎంత తక్కువో ఆ ఆటోలో ఒకేసారి తెలిసింది. రెండోది తెలియకపోయినా బాగుండేది అనిపించింది.

మరుసటి ఆదివారం సగం మీసంతో గదికి పోయాను. నా భార్యను కొట్టాను అని చెప్పాను. గడియ, నెత్తురు, కుట్లు, జడ, పప్పు గిన్నె, అన్నీ చెప్పాను. ఈ జబ్బు వల్లే అలా జరిగింది అని చివర్లో చేర్చాను. ఎవరైనా తలూపుతారని చూశాను. తమిళం రాక కాదు, నాకు బాగా తగలాలనే కాబోలు, టీచరమ్మ తెలుగులోనే అంది.

"బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టద్దు తమ్ముడూ. నాదీ బోడిగుండే. నలభై ఏండ్లుగా పీక్కుంటా ఉండాను. నేను యారినీ కొట్టలేదు. పీక్కునేది నీ తప్పు కాదు. కొట్టేది నీ తప్పే. ముందరిదానికి మేముండాము. రెండోదానికి నువ్వు పొయ్యి నిలబడాల."

నాకు ఆమె మీద కూడా చెయ్యి లేచేంత కోపం వచ్చింది. అది గమనించి భయం వేసింది. ఆ రోజు ఎవరూ నన్ను ఓదార్చలేదు. కానీ మర్నాడు మధ్యాహ్నం వార్నిష్ ఆరే వేళకు టీచరమ్మ ఫోను వచ్చింది, సొరకాయ కూర సంగతి.

ఆ వారమే ఒక్కణ్నే మా అత్త ఇంటికి పోయాను. పెన్సిలు పెట్టుకోలేదు. వాకిట్లోనే నిలబడి నా భార్యతో చెప్పాను. జారిపడ్డావని ఆసుపత్రిలో చెప్పింది అబద్ధం, కొట్టింది నేను, జబ్బు కాదు. మా నాయనకూ ఈ మాట చెప్పి వచ్చాను. ఆమె ముఖంలో ఏమీ మారలేదు.

"సరి. ఈ మాట చెప్పేదానికి ఇన్ని దినాలు పట్టింది మీకు" అంది. లోపలికి రమ్మనలేదు. "శనివారం సాయంత్రం వచ్చి పాపను చూసి పోండి. తిన్నె మీదనే. అమ్మ ఉంటాది."

మొదటి శనివారం పాప తిన్నె ఆ చివరన కూర్చుని ఒక షరతు పెట్టింది. "చేతులు మోకాళ్ల మీద పెట్టుకోవాల. ఎత్తకూడదు." పెట్టుకున్నాను. ఒక గంట. ఆ గంటలో నా పై పెదవి ఎంత గోల పెడుతుందో అనుభవించినవాళ్లకే తెలుస్తుంది. కొత్తగా మొలుస్తున్న మొద్దు వెంట్రుక ఒక్కటే ఒళ్లంతా అయిపోతుంది. చెమట కారుతుంది, పళ్లు బిగుసుకుంటాయి, పాప బడి కబుర్లు సగం వినపడవు. అయినా చెయ్యి ఎత్తను. ఇంటికొచ్చాక పీక్కుంటాను, అది వేరే సంగతి, దానికి ఆదివారం ఉంది. వారం వారం పాప ఒక జానెడు దగ్గరికి జరుగుతూ వచ్చింది.

నాలుగో నెలలో ఒక శనివారం గాలి ఆగిపోయింది. నా చెంప మీద దోమ వాలి కుడుతోంది.

"పాపా, దోమ కుడతా ఉంది. నాయన ఒకసారి చెయ్యి ఎత్తుతాడు" అన్నాను.

పాప ఆలోచించింది. "వద్దు. నేను కొడతా" అంది. లేచి వచ్చి, చెయ్యి వెనక్కి తీసి, నా చెంప మీద ఫెడీమని కొట్టింది. అంత చిన్న చేతికి అంత బలం ఉంటుందనుకోలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల గిన్నెల చప్పుడు ఆగి, నా భార్య గడపలోకి వచ్చి నిలబడింది. పాప తన అరచేతిలో చితికిన దోమనూ, నెత్తురు చుక్కనూ చూసుకుని, నా ముఖంలోకి చూసింది.

"నొచ్చిందా నాయనా?"

"నొచ్చింది."

"అమ్మకు ఇంకా శానా నొచ్చింది" అంది పాప.

"అవును" అన్నాను.